కొండలో ఖనిజం వయసు మనకూ తెలియాలి



ఈసారి పోస్టు పొడుగ్గానే ఉంటది. ఓపిగ్గా చదవండి. చదివాక మీ ఊరి గ్రూపుల్లో కూడా పెట్టండి.

మన గ్రూపులో మైనింగ్ గురించి ఎప్పుడు చర్చ వచ్చినా చట్టం, భూమి, ఉద్యమం చుట్టూనే తిరుగుతాం. 1/70, పెసా, అటవీ హక్కుల చట్టం, 1997 నాటి సమత తీర్పు గురించి ఇప్పుడు మన డిగ్రీ పిల్లలు గంటసేపు మాట్లాడగలరు. మంచిదే. కానీ ఆ కొండలో ఉన్న ఖనిజం ఎప్పటిది, ఎలా పుట్టింది, ఆ సంగతి ఎలా తెలిసింది అని ఎవరైనా అడిగితే మాత్రం "అది సైంటిస్టుల పనిలే అన్నా" అని తప్పుకుంటాం.

ఆ ప్రశ్న మనది కూడా అని మేం అంటున్నాం. ఖనిజం ఎలా పుట్టిందో తెలిస్తేనే దాన్ని తీసేస్తే ఏం పోతుందో తెలుస్తుంది. అది తెలియకుండా గ్రామసభలో కూర్చుంటే ఎదుటివాళ్ల లెక్కలకు తల ఊపాలి, లేదంటే కేకలేసి బయటికి రావాలి. లెక్కకు లెక్క అడిగే దారి కూడా మన చేతిలో ఉండాలి కదా.

ముందుగా పేర్ల సంగతి

అరకు, పాడేరు, అనంతగిరి, చింతపల్లి వైపు కొండల్లో ఎక్కువగా ఉండే రాయిని భూగర్భ శాస్త్రంలో ఖొండలైట్ అంటారు. 1902లో టి.ఎల్. వాకర్ అనే శాస్త్రవేత్త ఒడిశాలోని కలహండి ప్రాంతం గురించి రాస్తూ ఆ పేరు పెట్టాడు. ఎవరి పేరు అది? ఆ కొండల్లో ఉండే కోందు ప్రజల పేరు. మన్యంలో కోదులనీ, సామంతులనీ పిలుచుకునే మనవాళ్ల పేరే ప్రపంచమంతటా పుస్తకాల్లో ఆ రాయికి ఉంది. శ్రీలంకలో అలాంటి రాయి దొరికినా ఖొండలైట్ అనే అంటారు.

గోండ్వానా కూడా అంతే. గోండుల నేలలో కనిపించిన బొగ్గు పొరల రాళ్లకు 19వ శతాబ్దంలో జియోలాజికల్ సర్వే వాళ్లు పెట్టిన పేరది. సింగరేణి బొగ్గు ఉన్నది ఆ రాళ్లలోనే. తర్వాత ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా, మన దేశం ఒకటిగా ఉన్న పాత మహాఖండానికే ఆ పేరు వచ్చింది.

పేర్లు మనవి, పాఠాలు మాత్రం మనకు రావు. ఆ రాయి గురించి రాసిన వేల పేజీల్లో మనవాళ్లు రాసినవి ఎన్ని? గర్వపడమని ఈ పేర్ల సంగతి చెప్పట్లేదు. ఆ చదువులో మనకు చోటుందని గుర్తుచేయడానికే చెబుతున్నాం.

వయసు ఎలా కడతారు

చాలామంది "కార్బన్ డేటింగ్ చేస్తారు కదా" అంటారు. కాదు. కార్బన్ పద్ధతి ఒకప్పుడు ప్రాణమున్న వాటికే, అంటే కట్టె, బొగ్గు, ఎముక లాంటి వాటికి పనికొస్తుంది. అది కూడా సుమారు 50 వేల ఏళ్ల లోపే. లోహ ఖనిజాల లెక్క కోట్ల ఏళ్లలో ఉంటుంది.

మొదటి పద్ధతి మన పెద్దోళ్లకు కూడా అర్థమయ్యేదే. పొరల్లో కిందది ముందు పడింది, పైది తర్వాత పడింది. ఒక రాయిని ఇంకో రాయి చీల్చుకుని పోయిందంటే, చీల్చింది చిన్నది, చీలింది పెద్దది. ఉదాహరణకు జహీరాబాద్ వైపు ఎర్రటి లేటరైట్ దక్కన్ నల్లరాతి మీద ఉంటుంది. ఆ నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా. అది కుళ్లి ఈ లేటరైట్ అయింది కాబట్టి లేటరైట్ వయసు అంతకన్నా తక్కువే. దీనికి మిషన్లు అక్కర్లేదు, కళ్లుంటే చాలు.

ఇది వరస చెబుతుంది కానీ ఏళ్లు చెప్పదు. ఏళ్లకు వేరే గడియారం కావాలి. దాన్ని జీలుగు చెట్టుతో చెప్పుకుందాం. చెట్టుకు కుండ కట్టేటప్పుడు కుండ ఖాళీ. చుక్కలు ఏ వేగంతో పడతాయో కల్లు గీసేవాడికి తెలుసు. పొద్దున కుండలో ఎంతుందో చూస్తే ఎప్పుడు కట్టారో చెప్పేయొచ్చు.

రాళ్లలో జిర్కాన్ అనే చిన్న స్ఫటికం ఉంటుంది, చాలాసార్లు ఇసుక రేణువంతే. అది పుట్టేటప్పుడు తన లోపలికి కొంచెం యురేనియాన్ని రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. అంటే కుండ ఖాళీగా కట్టినట్టే. తర్వాత ఆ యురేనియం మెల్లగా సీసంగా మారిపోతుంటుంది. యురేనియం-238లో సగం మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. యురేనియం-235లో సగానికి సుమారు 70 కోట్ల ఏళ్లు. యురేనియం తగ్గేకొద్దీ చుక్కలు కూడా తగ్గుతాయి, కానీ ఎంత తగ్గుతాయో లెక్క తెలుసు. ఎండకూ వానకూ ఆ లెక్క మారదు. ఇప్పుడు ఆ రేణువులో యురేనియం ఎంత మిగిలింది, సీసం ఎంత చేరింది అని కొలిస్తే వయసు వస్తుంది.

మరి కుండకు చిల్లు పడితే? మధ్యలో ఎవడో వచ్చి తాగేసిపోతే? అక్కడా ఉపాయముంది. ఒకే రేణువులో రెండు రకాల యురేనియం ఉంది కాబట్టి ఒకే చెట్టుకు రెండు కుండలు కట్టినట్టు. రెండు లెక్కలూ ఒకే వయసు చెబితే నమ్ముతారు. రెండూ కలవకపోతే సీసం బయటికి పోయిందని పట్టేస్తారు. "సైంటిస్టులు ఏదో అంచనాగా చెబుతారులే" అనేవాళ్లకు ఈ సంగతి చెప్పండి. ఇక్కడ తనిఖీ కూడా లెక్కలోనే ఉంది.

రాయి వయసు వేరు, ఖనిజం వయసు వేరు

ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోవాలి. "ఇది వంద కోట్ల ఏళ్ల నాటి ఖనిజం" అని ఎవరైనా సభలో అంటే వెంటనే అడగాల్సింది ఒకటుంది: మీరు చెప్పేది రాయి వయసా, ఖనిజం వయసా?

పాత ఇంటి దూలాన్ని తెచ్చి కొత్త ఇంటికి వేసుకుంటాం. దూలం తాత కాలం నాటిది, ఇల్లు నిన్నటిది. మన కొండలూ అలాంటివే. ఖొండలైట్ ఒకప్పుడు ఇసుక, బంకమట్టి. ఆ మట్టి భూమి లోతుకు పోయి, వేడికీ ఒత్తిడికీ మారి, గార్నెట్, సిల్లిమనైట్ ఉన్న గట్టి రాయి అయింది. మన తూర్పు కనుమల్లో ఆ మార్పు ముఖ్యంగా సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట జరిగిందని జిర్కాన్ లెక్కలు చెబుతున్నాయి. ఒకే జిర్కాన్ రేణువులో మధ్య భాగం ఇంకా పాత వయసు చెబుతుంది, అంచు ఆ వేడి కాలం వయసు చెబుతుంది. ఒక్క రేణువులో రెండు కాలాలు.

కానీ కంపెనీలకు కావాల్సింది ఖొండలైట్ కాదు, దాని నెత్తిమీద ఉన్న బాక్సైట్. అది పుట్టింది చాలా ఆలస్యంగా. ఆ రాయి పైకి తేలి, వానకూ ఎండకూ తడిసి ఎండి, కుళ్లి, మిగిలినదే బాక్సైట్. బాక్సైట్‌లో దొరికిన జిర్కాన్‌ను వయసు అడిగితే అది పాత రాయి వయసే చెబుతుంది, ఎందుకంటే అది పాత ఇంటి దూలం. అందుకే ఇలాంటి వాటికి వేరే గడియారాలు వెతుకుతారు. లేటరైట్ పొరల్లో పొటాషియం ఉన్న మాంగనీసు ఖనిజాలు కొత్తగా పుడతాయి. ఆ పొటాషియంలో ఒక రకం ఆర్గాన్ వాయువుగా మారుతుంటుంది. ఆ వాయువును కొలిస్తే కుళ్లుడు ఎప్పుడు జరిగిందో తెలుస్తుంది. కర్ణాటకలోని సండూరు మాంగనీసు మీద ఇలా చేస్తే సుమారు 3 కోట్ల ఏళ్లకు అటూ ఇటూ వయసులు వచ్చాయి. మన తూర్పు కనుమల బాక్సైట్ కూడా డైనోసార్లు పోయిన తర్వాతి కాలానిదిగానే చూస్తారు. మన దేశపు పలక ఉత్తరానికి జరుగుతూ భూమధ్యరేఖ దగ్గరి వానల పట్టీని దాటుకుని వచ్చిన కాలం కూడా అందులోనే ఉంది.

అంటే రాయిది వంద కోట్ల లెక్క, ఖనిజానిది కొన్ని కోట్ల లెక్క. ఈ తేడా పరీక్షలో మార్కుల కోసమే కాదు. ఎందుకో కింద చెబుతాం.

పుట్టుక ఎలా పట్టుకుంటారు

వయసు ఒక సాక్ష్యం. పుట్టుకకు ఇంకా సాక్ష్యాలున్నాయి.

బాక్సైట్ కింద రాయి నుంచే పుట్టిందని ఎలా తెలుసు? ఎక్కడి నుంచో కొట్టుకొచ్చి ఉండొచ్చు కదా? చాలా చోట్ల బాక్సైట్ ముక్కలో పాత ఖొండలైట్ చారలు ఇంకా కనిపిస్తాయి. గార్నెట్ కరిగిపోయినా దాని ఆకారం మిగిలి ఉంటుంది. ఇంకోటి, టైటానియం, జిర్కోనియం లాంటివి నీళ్లకు అంత తేలిగ్గా కరగవు. కింద రాయిలో వాటి నిష్పత్తి, పైన బాక్సైట్‌లో వాటి నిష్పత్తి సరిపోలితే తల్లీబిడ్డా అన్నట్టు. పైగా వాటి లెక్కతో, మిగతా సరుకు ఎంత కరిగి వానతో పోయిందో కూడా చెప్పగలరు.

రాగి, సీసం లాంటి ఖనిజాలది వేరే కథ. వాటిలో చాలావరకు భూమి లోపలి వేడి నీళ్లు మోసుకొచ్చి రాతి పగుళ్లలో వదిలినవి. ఆ స్ఫటికాలు పెరిగేటప్పుడు ఆ నీటి చుక్కలే లోపల ఇరుక్కుపోతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే చుక్కలో చిన్న గాలిబుడగ ఉంటుంది. వేడి చేస్తూ పోతే ఒక దగ్గర బుడగ మాయమవుతుంది. ఆ నీళ్లు కనీసం అంత వేడిగా ఉండేవన్నమాట. గడ్డకట్టించి చూస్తే అందులో ఉప్పెంతో తెలుస్తుంది. కోట్ల ఏళ్ల నాటి నీటి చుక్క ఇంకా సాక్ష్యం చెబుతుంది!

సీసానిది ఇంకా వింత. సీసపు ఖనిజం గెలీనాలో యురేనియం దాదాపు ఉండదు. కాబట్టి అది పుట్టిన రోజున సీసంలోని రకాల నిష్పత్తి ఎంతుందో అక్కడే ఆగిపోతుంది. ఆ నిష్పత్తి చూసి ఎప్పటిదో, ఎలాంటి రాళ్ల నుంచి వచ్చిందో చెబుతారు. ఒక్కో గని సీసానికి ఒక్కో వేలిముద్ర అనుకోవచ్చు.

ఈ సీసం దగ్గరే ఒక మనిషి గురించి చెప్పాలి. క్లెయిర్ ప్యాటర్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఉల్కల్లోని సీసం కొలిచి 1956లో భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. కొలుస్తుంటే ఆయనకు ఒక ఇబ్బంది వచ్చింది. గాల్లో, దుమ్ములో, ల్యాబు గోడల మీద, ఎక్కడ చూసినా సీసమే. అది సహజంగా ఉండాల్సింది కాదు, ముఖ్యంగా పెట్రోల్‌లో కలిపే సీసం అని ఆయనకు అర్థమైంది. 1965లో ఆ సంగతి బయటపెట్టాడు. పరిశ్రమ వాళ్లకు కోపం వచ్చినా తగ్గలేదు. చివరికి చాలా దేశాల్లో సీసం పెట్రోల్ ఆగిపోయింది. మన దేశంలో 2000లో ఆగింది.

"సైన్స్ అంటే కంపెనీ చేతిలో కత్తి" అని మన అన్నలు కొందరు అంటుంటారు. వాళ్ల కోపం అర్థమవుతుంది. మన కొండల్లోకి మొదట వచ్చిన భూగర్భ శాస్త్రవేత్తలు సర్కారు కోసం, వ్యాపారం కోసమే వచ్చారు. కానీ కొలత నేర్చిన మనిషి ఎవరి పక్కన నిలబడతాడన్నది ఆ మనిషిని బట్టి ఉంటుంది. మన పక్కన నిలబడేవాళ్లు కావాలంటే మనలోంచే రావాలి.

బైలడిల్లా సంగతి

అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ లైనులో ఇనుప ఖనిజం గూడ్సులు చూడనోళ్లు ఉండరు. ఆ సరుకు ఛత్తీస్‌గఢ్‌లో బైలడిల్లా కొండలది. ఎద్దు మూపురంలా ఉంటుందని ఆ పేరు. గోండు, కోయ బంధువుల నేల అది. 1968 నుంచి అక్కడ పెద్ద ఎత్తున తవ్వకం నడుస్తోంది.

ఆ ఖనిజం పుట్టుక రెండు అంకాల కథ. మొదటి అంకం సముద్రంలో. పాత భూమి మీద గాల్లో ఆక్సిజన్ లేనట్టే. సముద్రపు నీళ్లలో ఇనుము కరిగి ఉండేది, అందులో చాలా భాగం సముద్రం అడుగున వేడి ఊటల నుంచి వచ్చింది. ఎండను తాగి బతికే సూక్ష్మజీవులు ఆక్సిజన్ వదలడం మొదలుపెట్టాక ఆ ఇనుము తుప్పులా అడుగుకు చేరింది. ఒక పొర ఇనుము, ఒక పొర సిలికా, ఇలా చారలు చారలుగా. ప్రపంచంలో ఇలాంటి చారల ఇనుప రాళ్లలో ఎక్కువ భాగం 180 కోట్ల ఏళ్లకు ముందువే. ఆ చారల రాతిని సూటిగా లెక్కకట్టడం కష్టం కాబట్టి పొరల మధ్య పడిన అగ్నిపర్వతపు బూడిదనో, వాటిని చీల్చుకుపోయిన గ్రానైట్‌నో జిర్కాన్‌తో లెక్కకట్టి, దానికి ముందు, దీనికి తర్వాత అని హద్దులు వేస్తారు.

చారల రాతిలో ఇనుము మామూలుగా 30 శాతం చుట్టూ ఉంటుంది. రెండో అంకంలో సిలికా కరిగిపోయి ఇనుము మిగిలితే అది 60 శాతం దాటుతుంది. బైలడిల్లాకు అంత గిరాకీ ఆ రెండో అంకం వల్లే.

మన బయ్యారం దగ్గర మాట ఎక్కడ ఆగిపోతోందో ఇప్పుడు చూడండి. ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమవుతుందేమో పరిశీలించాలని 2014 విభజన చట్టంలోనే ఉంది. ఎప్పుడు అడిగినా "నాణ్యత చాలదు" అనే మాట వినపడుతుంది. ఆ మాట నిజమో అబద్ధమో ఈ పోస్టులో తేల్చడం లేదు. ఆ మాట అనగానే మనం నోరు మూసుకోవాల్సి రావడమే మా బాధ. నాణ్యత అంటే ఎన్ని బోర్లు వేశారు, ఎంత లోతు, ఏ పొర, రెండో అంకం జరిగిందా లేదా? ఈ నాలుగు అడగగలిగితే చర్చ మన చేతిలోకి వస్తుంది.

నీళ్ల సంగతి

మళ్లీ బాక్సైట్ దగ్గరికి వద్దాం. రాయి వయసు, ఖనిజం వయసు వేరని పైన ఎందుకు అన్నామంటే ఇందుకే.

బాక్సైట్ ఎలా పుట్టిందో గుర్తుచేసుకోండి. వాన నీళ్లు కొండ నెత్తిమీద ఇంకాలి. రాయిలోని సిలికాను, మిగతా సరుకును కరిగించుకుని కిందికీ పక్కకూ పోవాలి. అల్యూమినియం మాత్రం మిగలాలి. ఇలా కోట్ల ఏళ్లు. నీళ్లు దిగని చోట, నిలబడిపోయే చోట మంచి బాక్సైట్ పుట్టదు, బంకమట్టి పుడుతుంది. అంటే బాక్సైట్ ఉందంటేనే అక్కడ నీళ్లు కోట్ల ఏళ్లుగా ఇంకి పారాయని అర్థం. లోపలి సరుకు కరిగిపోయింది కాబట్టి ఆ పొర నిండా సందులు. దాని కింద చాలా చోట్ల తెల్లటి బంక పొర, దాని కింద గట్టి రాయి.

ఇప్పుడు మన ఊర్లు ఎక్కడున్నాయో, ఊటలు ఎక్కడున్నాయో చూడండి. చాలా ఊటగెడ్డలు కొండ నెత్తిన కాదు, నడుము దగ్గర పుడతాయి. పై పొరలో ఇంకిన నీళ్లు బంక పొర తగిలి పక్కకు తిరిగి బయటికి వచ్చే చోటది. మనవాళ్లు ఊటల కింద పల్లం మడులు వేసుకున్నది ఉత్తినే కాదు. కొండ తన కడుపులో నీళ్లు దాచుకుంటుందని పెద్దోళ్లు అనే మాటకూ, భూగర్భ శాస్త్రం చెప్పే దానికీ తగవేమీ లేదు. గోస్తని అనంతగిరి కొండల్లోనే పుట్టి విశాఖపట్నానికి కూడా తాగునీరు ఇస్తోంది. ఇది ఒక్క మన ఊర్ల లెక్క కూడా కాదు.

ఎదుటివైపు మాట కూడా చెప్పుకోవాలి. తవ్వాక వాన నీళ్లు ఇంకా బాగా ఇంకుతాయని చెప్పే నివేదికలున్నాయి. కోరాపుట్ వైపు పంచపట్‌మలి కొండ మీద 1980ల నుంచి తవ్వుతున్నారు, తవ్విన చోట మళ్లీ చెట్లు పెంచుతున్నామని చెబుతారు. చెట్లు పెరగొచ్చు, కాదనం. కానీ చెట్టుకు కావాల్సింది ఇరవై ఏళ్లు, ఆ పొరకు కావాల్సింది కోట్ల ఏళ్లు. ఈ రెండింటినీ "పునరుద్ధరణ" అనే ఒకే మాటలో కలిపేస్తే మనం ఒప్పుకోకూడదు. ఇక ఇంకుడు గురించైతే, మాటలొద్దు, కొలతలు చూపించమందాం. ఎండాకాలంలో ఏ ఊటలో ఎన్ని లీటర్లు? తవ్వకానికి ముందు ఎంత, తర్వాత ఎంత?

ఖనిజం వయసు తెలిస్తే వచ్చే బలం ఇదే. "మా కొండ మాకు దేవుడు" అన్న మాట మనం వదలం. దాని పక్కనే "ఈ పొర మళ్లీ రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే చెప్పండి" అని కూడా అడుగుతాం.

నమ్మకం గురించి ఒక మాట

ఇక్కడ కొందరు అడుగుతారు: 2013లో నియమగిరిలో 12 ఊర్ల సభలు బాక్సైట్ వద్దన్నప్పుడు డోంగ్రియా కోందులు జియాలజీ చదివి గెలిచారా? లేదు. నియమరాజా మీద నమ్మకంతో, అడవి మీద హక్కుతో గెలిచారు. సుప్రీంకోర్టు కూడా ఆ నిర్ణయం ఊరి సభలదే అంది. మనకు అది ఎప్పటికీ దారి చూపే గెలుపే. 2015లో జీవో 97 వచ్చినప్పుడు చింతపల్లి వైపు మన్యం ఎలా కదిలిందో కూడా మనకు తెలుసు.

అయితే ప్రతిచోటా సభ అంత నిజాయితీగా జరగట్లేదు. 2019లో బైలడిల్లా 13వ నంబరు డిపాజిట్ కోసం నందరాజ్ కొండను ఇవ్వొద్దని వేలమంది కిరండూల్‌లో కూర్చున్నారు. అంతకుముందు జరిగిందన్న గ్రామసభ అసలు జరిగిందా అనే ప్రశ్న మీద విచారణ వేయాల్సి వచ్చింది. కాగితం మీద సభ నడిపేవాళ్లకు, ఎదురుగా కూర్చున్నవాళ్లు కాగితం చదవలేరన్న ధీమా ఉంటుంది. ఆ ధీమా పోవాలి. దేవుడి కథ దేవుడిదే, రాతి లెక్క రాతిదే. రెండూ తెలిసిన పిల్లలు మనకు కావాలి.

మైనింగ్ వస్తే ఉద్యోగాలొస్తాయని ఆశపడే తమ్ముళ్లూ ఈ గ్రూపులో ఉన్నారు. వాళ్లను తిట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ తమ్ముడూ, కొండ గురించి ఏమీ తెలియకుండా వెళ్తే దొరికేది లోడింగ్ పనీ, వాచ్‌మన్ పనే. తెలిసి వెళ్తే సంతకం పెట్టే కుర్చీ. వద్దనాలన్నా, సరే కానీ షరతులు ఇవీ అనాలన్నా, చదువు ముందు కావాలి.

ఇప్పుడు చేయాల్సినవి

ఒకటి. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో కూడా ఇవ్వాలి. 2006 నోటిఫికేషన్‌లోనే ఉంది. ఆ సారాంశాన్ని ఊరి పిల్లలు ముందుగా తెచ్చుకుని రచ్చబండ దగ్గర గట్టిగా చదివి వినిపించాలి.

రెండు. సభలో ఈ ఐదు ప్రశ్నలు రాసి పట్టుకోండి. మీరు చెప్పే వయసు రాయిదా, ఖనిజానిదా, ఏ పద్ధతిలో కట్టారు? ఎన్ని బోర్లు వేశారు, ఎంత దూరానికొకటి? ఖనిజం పొర కింద ఏముంది, నీటి మట్టం ఎంత లోతు? కొండ చుట్టూ ఎన్ని ఊటలున్నాయి, ఏ నెలలో కొలిచారు? తవ్వాక ఆ పొర చేసే పని ఎవరు చేస్తారు? జవాబులు మినిట్స్‌లో రాయించండి. రాయకపోతే అదే మీ మొదటి అభ్యంతరం.

మూడు. ఊటలు మనమే కొలుద్దాం. ఒక బకెట్, ఒక ఫోను చాలు. పది లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో నెలకోసారి తేదీతో రాసి పెట్టండి. రెండు మూడేళ్ల లెక్క చేతిలో ఉంటే ఏ నివేదికనైనా నిలదీయొచ్చు. మన లెక్క మన దగ్గరుండాలి.

నాలుగు. జియోలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో మ్యాపులు, నివేదికలు చూడొచ్చు. మీ మండలం కింద ఏ రాయి ఉందో ఈ వారమే చూసి కామెంట్లో పెట్టండి.

ఐదు. ఇంటర్ చదివే చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, డిగ్రీలో జియాలజీ అనే సబ్జెక్టు ఉంటుంది. ఆంధ్ర, ఉస్మానియా యూనివర్సిటీల్లో పీజీ ఉంది. ఆ తర్వాత యూపీఎస్సీ వాళ్లు ఏటా పెట్టే జియో సైంటిస్ట్ పరీక్ష రాయొచ్చు, అందులో ఎస్టీ రిజర్వేషన్ ఉంది. మన గూడేల్లో టీచరు, నర్సు, పోలీసు అయినోళ్లు కనిపిస్తారు. జియాలజిస్టు ఎక్కడ? రాళ్ల మధ్య పుట్టి పెరిగినోళ్లకు కొండ ఎక్కడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఏ గెడ్డ ఎప్పుడు ఎండుతుందో, ఏ మట్టి ఎక్కడ మారుతుందో చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ తెలివికి లెక్క తోడైతే చాలు.

ఇందులో ఏదైనా అర్థం కాకపోతే కింద అడగండి, కలిసి మాట్లాడుకుందాం. వచ్చే పోస్టులో ఊటల కొలత పట్టిక ఎలా రాసుకోవాలో పెడతాం. ఈలోగా ఏ ఊరి నుంచి ఎవరు కొలుస్తారో పేర్లు ఇవ్వండి. కనీసం పది ఊర్లు కావాలి.

జోహార్. జై ఆదివాసీ.